రొయ్య గ్యాలరీ, పులస గ్యాలరీ

నమస్తే అండి. కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు గెలిచిన సాయంత్రం బజార్లో ఇలిష్ చేప రేటు పెరుగుతుందని చెప్పుకుంటారు. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య రేటు పెరుగుతుందట. ఇలిష్ అంటే వేరే ఏదో కాదు. వరద నీరు రాగానే సముద్రం నుంచి మన గోదావరికి ఎదురీదుకుంటూ వస్తుందే, ఆ పులసే. ఇక రొయ్య గురించి భీమవరం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మన చెరువుల్లో చేప ఐసు పెట్టెల్లో హౌరా బజారుకు వెళ్లడం కూడా ఎప్పటినుంచో ఉన్నదే. అంటే ఆ ఊరి ఫుట్‌బాల్ గొడవలో రెండు వైపుల విందు భోజనమూ మన దగ్గర దొరికేదే. గొడవ కూడా మనకు కొత్తదేం కాదు, కాకపోతే మనం వేరే చోట పడతాం. అక్కడికీ వస్తాను.

ఇవాళ మాట్లాడుకునేది ఇది. ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు అభిమాని కావాలంటే ఆట చూసి కావాలి కదా? మరి మతం చూసి, తాతల ఊరు చూసి ఎందుకవుతారు? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జట్టులో అన్ని రకాల వాళ్లూ కలిసి ఆడినంత మాత్రాన గ్యాలరీ కలవదు. పైగా గ్యాలరీ కలవకపోవడం వల్లే చాలా క్లబ్బులు వందేళ్లు బతికాయి. వినడానికి బాగోదు, తెలుసు.

ముందు కోల్‌కతా. మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911 జులై 29న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు అనే తెల్ల సైనికుల జట్టును 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డు అనే పెద్ద ఫుట్‌బాల్ కప్పు గెలిచింది. మన వాళ్లు దాదాపు అందరూ బూట్లు లేకుండానే ఆడారు. ఆ రోజున అది ఒక పేట క్లబ్బు కాదు, దేశం జట్టు. 1920కి వచ్చేసరికి కథ మారింది. జోరాబగాన్ అనే క్లబ్బు, మోహన్ బగాన్ మీద మ్యాచ్ రోజున శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి పక్కన పెట్టింది. ఆ క్లబ్బులోనే పెద్దమనిషి సురేశ్ చంద్ర చౌధురి, అతన్ని ఆడించమని అడిగినా వినలేదు. తూర్పు బెంగాల్ వాళ్లమని మమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారని ఆయనకు ఒళ్లు మండింది. బయటికొచ్చి, మరికొందరితో కలిసి ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పెట్టారు.

ఇక్కడ ఒకటి గమనించండి. అటూ ఇటూ బెంగాలీలే, ఎక్కువమంది హిందువులే. తేడా అంతా పడమటి వాళ్లా, తూర్పు వాళ్లా అన్నదే. 1947లో దేశం ముక్కలైంది. తూర్పు నుంచి ఇల్లూ పొలమూ వదిలేసి లక్షల మంది కోల్‌కతా చేరారు. వాళ్లు వదిలేసి వచ్చిన నేల పేరు పెట్టుకున్న క్లబ్బు ఒకటి అప్పటికే 27 ఏళ్లుగా అక్కడుంది. శరణార్థి కాలనీలో రేకుల కింద కాపురం చేస్తున్న మనిషికి తమ ఊరి తరఫున గెలిచేది ఆ క్లబ్బు తప్ప ఇంకేముంది? అభిమానం కాక ఏమవుతుంది?

మూడో క్లబ్బు మహమ్మడన్ స్పోర్టింగ్. 1891 నాటిది. 1934లో కలకత్తా లీగు గెలిచింది, ఆ పని చేసిన మొదటి భారతీయ క్లబ్బు అదే. 1938 దాకా వరసగా ఐదేళ్లు అదే గెలిచింది. ఎంత గొప్ప సంగతండీ! కానీ అప్పుడే బెంగాల్ రాజకీయం హిందూ, ముస్లిం అని చీలుతోంది. దాంతో ఆ గెలుపులు ఒక మతం ఖాతాలోకి వెళ్లాయి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. 1950కి అటూ ఇటూ ఈస్ట్ బెంగాల్ ముందు వరసలో ఐదుగురు ఆడేవాళ్లు. అప్పారావు, ధన్‌రాజ్, వెంకటేశ్, సాలే, అహ్మద్ ఖాన్. జనం వాళ్లకు పంచ పాండవులని పేరు పెట్టారు. ఒక్కడూ బెంగాలీ కాదు, అందరూ దక్షిణాది వాళ్లు. ఇద్దరు ముస్లింలు. మతం పేరు మీద జరిగిన ఘోరాలు చూసి పారిపోయి వచ్చిన జనం, సాలేనీ అహ్మద్ ఖాన్‌నీ పాండవుల్లో కలిపేసుకున్నారు! ఇది చూసి ఆట అందర్నీ కలిపేసిందని అనాలనిపిస్తుంది. కలపలేదు. అదే గ్యాలరీ మోహన్ బగాన్ గ్యాలరీతో రాళ్లు రువ్వుకుంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు క్లబ్బుల మ్యాచ్‌లో కొట్లాట రేగి, తొక్కిసలాటలో 16 మంది చచ్చిపోయారు.

ఇక గ్లాస్గో. స్కాట్లాండులో ఓడల పని ఊరు. అక్కడ సెల్టిక్, రేంజర్స్ అని రెండు క్లబ్బులు. ఒకటి కాథలిక్కులది, ఒకటి ప్రొటెస్టెంట్లది. మనకు ఇది అర్థం కావడం కష్టం. మన డెల్టాలో ఒకే ఊళ్లో కాథలిక్కుల ఆర్‌సీఎం చర్చి ఉంటుంది, ప్రొటెస్టెంట్ల లూథరన్ చర్చో బాప్టిస్టు చర్చో ఉంటుంది. ఆ రెండు చర్చిల వాళ్లు బంతాట గురించి తలలు పగలగొట్టుకున్నారంటే మనకు నవ్వొస్తుంది. మన ఊళ్లలో సినిమా హీరో కటౌటుకు పాలు పోసేవాళ్లది ఏ సామాజిక వర్గమో కనుక్కుని మరీ కొట్టుకుంటారని గ్లాస్గో వాళ్లకు చెప్పండి. వాళ్లూ నవ్వుతారు.

సెల్టిక్ పుట్టింది 1887లో. వాల్‌ఫ్రిడ్ అనే ఐరిష్ కాథలిక్ బ్రదర్ మొదలుపెట్టారు. ఎందుకు? కరువుకు ఐర్లండ్ నుంచి వలస వచ్చి, ఊరి తూర్పు వైపు మురికివాడల్లో ఉంటున్న కాథలిక్ పిల్లలకు అన్నం పెట్టడానికి డబ్బు కావాలి, మ్యాచ్‌లు పెడితే వస్తుంది. అంతే. రేంజర్స్ 1872లో మొదలైంది, తెడ్డు పడవలు నడిపే కొందరు కుర్రాళ్లు సరదాగా పెట్టుకున్నది. దాని పుట్టుకలో మతమే లేదు. సెల్టిక్ మొదటి మ్యాచ్ 1888 మేలో ఆడింది రేంజర్స్ మీదే. 5-2తో గెలిచింది. పెద్దగా గొడవలేం లేవు.

మరి గోడ ఎక్కడినుంచి వచ్చింది? పనిలోంచి. 1912లో ఐర్లండ్ ఉత్తరాన ఉన్న బెల్‌ఫాస్ట్ నుంచి హార్లండ్ అండ్ వుల్ఫ్ అనే ఓడల కంపెనీ, టైటానిక్ కట్టినవాళ్లే, రేంజర్స్ పేట గోవన్‌లో యార్డు పెట్టింది. దానితో పాటు బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంట్ పనివాళ్లు, వాళ్లతో పాటు అక్కడి పాత పగలూ వచ్చాయి. ఉద్యోగం ఎవరికిస్తారు, ఇల్లు ఎవరికి అద్దెకిస్తారు అన్నది మతాన్ని బట్టి ఉండే ఊళ్లో, క్లబ్బు కూడా అదే దారి పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రేంజర్స్ తెలిసి తెలిసి కాథలిక్‌ను తీసుకోవడం మానేసింది. రాసిపెట్టిన రూలు కాదు. అందరికీ తెలిసిన రూలు. సెల్టిక్ అలా చేయలేదు. 1967లో సెల్టిక్ యూరోపియన్ కప్పు గెలిచినప్పుడు కోచ్ జాక్ స్టైన్ ప్రొటెస్టెంటే.

గ్లాస్గోలో కొత్త మనిషి పరిచయమైతే, మీరు ఏ బడిలో చదివారు అని అడుగుతారట. కాథలిక్ బడులు వేరుగా ఉంటాయి కాబట్టి బడి పేరు చెప్తే మతం తెలిసిపోతుంది, మతం తెలిస్తే క్లబ్బు తెలిసిపోతుంది. ఇది విన్నప్పుడు నాకు మన రాజోలు బస్సే గుర్తొచ్చింది. పక్క సీటు పెద్దాయన ఎంతో ఆప్యాయంగా అడుగుతాడు.

"ఏ ఊరు బాబూ?"

"ఫలానా ఊరండి."

"ఓహో. ఎవరి తాలూకు? ఇంటిపేరేంటి?"

"..."

"ఊళ్లో ఏ వైపు ఉంటారు?"

మూడో ప్రశ్నకు ఆయనకు కావలసింది దొరికేస్తుంది. మన దగ్గర ఫుట్‌బాల్ క్లబ్బులు లేవు కాబట్టి అక్కడినుంచి హీరో దగ్గరికో పార్టీ దగ్గరికో లెక్క కడతాడు.

సరే, 1989. రేంజర్స్ మేనేజరు గ్రేమ్ సూనెస్, మో జాన్‌స్టన్ అనే కాథలిక్‌ను కొన్నాడు. మామూలు కాథలిక్ కూడా కాదు, అంతకు ముందు సెల్టిక్‌కు గోల్స్ కొట్టినవాడు. ఆ ఏడాదే మళ్లీ సెల్టిక్‌కు వస్తున్నానని వాళ్ల జెర్సీ పట్టుకుని ఫొటోలు కూడా దిగాడు. తర్వాత చూస్తే రేంజర్స్‌లో తేలాడు. రేంజర్స్ అభిమానులు కొందరు కండువాలు తగలబెట్టారు. సెల్టిక్ వాళ్లు ద్రోహి అన్నారు. నవంబరులో అతను చివరి నిమిషాల్లో గోల్ కొట్టి సెల్టిక్‌ను 1-0తో ఓడించాడు. తొంభైల దశాబ్దం ముగిసేలోపు ఇటలీ కాథలిక్ లొరెంజో అమొరూసో రేంజర్స్‌కు కెప్టెన్ కూడా అయ్యాడు. అంటే జట్టు మారింది.

గ్యాలరీ? 2006లో మత ద్వేషం పాటలకు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ రేంజర్స్‌కు జరిమానా వేసింది. 2019లో అదే కారణంతో స్టేడియంలో కొంత భాగం మూయించింది. సెల్టిక్ వాళ్లేం తక్కువ తినలేదు, ఐర్లండ్ సాయుధ దళం ఐఆర్‌ఏ పాటలకు 2011లో వాళ్లకూ పడింది. 2012లో స్కాట్లాండు ప్రభుత్వం దీనికోసమే ఒక చట్టం తెచ్చి, 2018లో రద్దు చేసుకుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. 1984లో ఒక కిటికీల కంపెనీ రెండు క్లబ్బుల జెర్సీల మీదా తన పేరే వేయించుకుంది. 1999 నుంచి 2013 దాకా అయితే కంపెనీలు మారినా పద్ధతి అదే, ఎవరొచ్చినా ఇద్దరికీ స్పాన్సరే. ఒక్కరికే ఇస్తే రెండో సగం ఊరు ఆ సరుకు ముట్టుకోదని భయం. ఇద్దరు హీరోల ఫ్లెక్సీలూ ఒకే షాపులో ప్రింటయి, రాత్రి వేర్వేరు ఆటోల్లో వెళ్తాయే, అచ్చం అలాగన్నమాట. షాపాయనకు ఏ హీరో ఇష్టమో ఇంతవరకు ఎవరికీ తెలియదు.

బెల్‌ఫాస్ట్ సంగతి ఒక్కటి చెప్పి మన ఊరికి వచ్చేద్దాం. 1948 డిసెంబరు 27న కాథలిక్కుల క్లబ్బు బెల్‌ఫాస్ట్ సెల్టిక్, ప్రొటెస్టెంట్ల క్లబ్బు లిన్‌ఫీల్డ్ మ్యాచ్ అయ్యాక జనం మైదానంలోకి దూకి, సెల్టిక్ ఆటగాడు జిమ్మీ జోన్స్ కాలు విరగ్గొట్టారు. జోన్స్ ప్రొటెస్టెంట్. కొట్టిన గుంపూ ప్రొటెస్టెంట్లదే. వాళ్లు చూసింది మనిషిని కాదు, చొక్కా రంగుని. ఆ సీజన్ అయ్యాక బెల్‌ఫాస్ట్ సెల్టిక్ లీగు వదిలేసింది, మళ్లీ రాలేదు.

మన సంగతికి వస్తే, 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద గొడవ, మంత్రి ఇల్లు తగలబడింది, ఎమ్మెల్యే ఇల్లు తగలబడింది. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. కాబట్టి గ్లాస్గోను చూసి వాళ్లంతే అని తీసిపారేసే హక్కు మనకు లేదు.

మన దగ్గర ఆట అంటే క్రికెట్టు. సంక్రాంతికి ఊరూరా టోర్నమెంట్లు. హైస్కూలు గ్రౌండో కాలేజీ గ్రౌండో తప్ప ఖాళీ నేల ఎక్కడుంది, మిగతాదంతా వరో కొబ్బరో చెరువో కదా. అందుకని గ్రౌండు అందరికీ ఒకటే. కానీ జట్లు వీధి పేరుతో ఉంటాయి, పేట పేరుతో ఉంటాయి. గెలవాలి కాబట్టి, బాగా స్పీడుగా వేస్తాడని దళితపేట కుర్రాణ్ణి పిలిచి జట్టులో ఆడిస్తారు. వికెట్లు తీస్తే ఎత్తుకుంటారు కూడా. గెలిచాక సెంటర్లో ఫ్లెక్సీ కడతారు చూడండి, అందులో నాయకుడుంటాడు, హీరో ఉంటాడు, ఎప్పుడూ బ్యాటు పట్టని ప్రెసిడెంటుగారబ్బాయి ఉంటాడు. వికెట్లు తీసిన కుర్రాడు ఉండడు. ఉంటే, చివర్లో చిన్న గుండ్రంలో. జట్టు కలవడం అంటే ఇంతే.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది, అది నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనే భారత జట్టుకు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిపెట్టారు, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు. అంత గొప్ప జట్టు పోలీసు డిపార్టుమెంటుది. ఏ కులానిదీ కాదు, ఏ మతానిదీ కాదు, ఏ పేటదీ కాదు. ఎంత బాగుంది! కానీ ఇవాళ ఆ జట్టు కోసం కండువా వేసుకునే మనిషి ఎక్కడున్నాడు? ఆటగాళ్లు రిటైరయ్యారు, జట్టు మరుగున పడిపోయింది. మా తాత ఆ జట్టు మనిషి, నేనూ ఆ జట్టు మనిషినే అనే ఇల్లు లేకుండా పోయింది. ఈ మధ్య హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగు ఐఎస్ఎల్ గెలిచి, కొద్దికాలానికే డబ్బుల కష్టాల్లో పడింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కూడా కష్టాలు పడ్డాయి, కానీ వాటిని వదిలేయడానికి జనం ఒప్పుకోలేదు. ఎదుటివాడి ముందు తలవంచడం ఇష్టం లేక బతికించుకున్నారు. ఆ పట్టుదల కావాలి, పగ వద్దు అంటే రెండూ విడదీసి ఇచ్చేవాళ్లు ఎవరూ కనపడటం లేదు.

ఒక్కసారి మాత్రం విడిపోయాయి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగాక, 18న డ్యూరాండ్ కప్పులో జరగాల్సిన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌ను రద్దు చేశారు. మ్యాచ్ లేకపోయినా జనం స్టేడియం బయటికి వచ్చారు. మూడు క్లబ్బుల వాళ్లూ. రెండు గ్యాలరీలదీ ఒకటే గొంతు అని నినాదాలిచ్చారు, పోలీసుల లాఠీలు కలిసే తిన్నారు. ఒక క్లబ్బు వాడి భుజాల మీద ఇంకో క్లబ్బు జెర్సీ వేసుకున్నవాడు ఎక్కిన ఫొటో దేశమంతా తిరిగింది. వాళ్లను కలిపింది ఫుట్‌బాల్ కాదన్నది మర్చిపోకండి. ఆ రోజు ఆటే లేదు. అక్టోబరు 19న ఐఎస్ఎల్‌లో ఆట ఉంది, మోహన్ బగాన్ 2-0తో గెలిచింది, గ్యాలరీలు మళ్లీ ఎవరివి వాళ్లవే.

మీ ఊరి టోర్నమెంట్ ఫ్లెక్సీ ఫొటో ఉంటే పంపండి. గెలిచిన పదకొండు మందీ ఒకే సైజులో ఉన్న ఫ్లెక్సీ ఏదైనా వస్తే వచ్చే వీడియో దాని మీదే చేస్తాను. ఊరి పేరు, నాయకుడి మొహం మాత్రం కనపడకుండా చేసి పంపండి, మళ్లీ నాకూ మీకూ టెన్షన్ వద్దు.