స్క్రీన్ నుంచి స్క్రీన్‌కి ఐడీ పంపండి, చాలు

అందరికీ నమస్కారం. ఆండ్రాయిడ్ నేర్చుకోవడం మొదలుపెట్టిన ప్రతివాళ్లూ తొలి రోజుల్లోనే అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ స్క్రీన్‌లో ఉన్న డేటాని ఆ స్క్రీన్‌కి ఎలా పంపాలి? జవాబు రెండు లైన్లే. ఇవతల ఇంటెంట్, అంటే ఫలానా స్క్రీన్ తెరవమని ఆండ్రాయిడ్‌కి ఇచ్చే చీటీ, తయారుచేసి డేటా పెట్టడానికి పుట్ ఎక్స్‌ట్రా అంటాం, అవతల తీసుకోవడానికి గెట్ ఎక్స్‌ట్రా అంటాం. అమీర్‌పేటలో ఏ ఇన్‌స్టిట్యూట్‌లో అడిగినా ఇదే చెప్తారు, చెప్పేది నిజమే కూడా. కానీ పాఠం అక్కడితో ఆగిపోతోందని నా బాధ. ఎలా పంపాలో తెలిసింది సరే, ఏం పంపాలి? ఈ వీడియో మొత్తం దాని గురించే. నా జవాబు ముందే చెప్పేస్తాను: ఐడీ, అంటే ఆ వస్తువు గుర్తింపు నంబర్, పంపండి. ఇంకేమీ పంపొద్దు. ఎందుకంటున్నానో ఇప్పుడు చూద్దాం.

ఒక యాప్ అనుకుందాం. ఎస్.ఆర్. నగర్‌లో హాస్టళ్ల మధ్య ఒక కర్రీ పాయింట్ ఉంది. వాళ్లకి యాప్ చేస్తున్నాం. మొదటి స్క్రీన్‌లో ఇవాళ్టి మెనూ: గుత్తి వంకాయ, దొండకాయ వేపుడు, గోంగూర పప్పు, పప్పుచారు. ఒక కూర మీద నొక్కితే రెండో స్క్రీన్, అందులో ఫోటో, ధర, నాలుగు ముక్కల్లో వివరణ. అక్కణ్ణించి కార్ట్, కార్ట్ నుంచి యూపీఐ పేమెంట్. ఇంతే యాప్.

చాలామంది మొదట చేసే పని ఏంటంటే, కూర ఆబ్జెక్ట్ మొత్తాన్ని సీరియలైజబుల్ చేసి (బైట్లుగా మార్చడానికి వీలుగా) ఇంటెంట్‌లో పెట్టేస్తారు. పేరు, ధర, వివరణ, ఫోటో లింక్, అన్నీ. పనిచేస్తుంది. ఎమ్యులేటర్‌లో చక్కగా వస్తుంది, డెమో ఇస్తే సార్ కూడా బాగుందంటారు. అందుకే ఇందులో ఉన్న చిక్కు చాలా రోజుల వరకూ బయటపడదు.

ఇక్కడ ఒక విషయం నిదానంగా వినండి, మిగతా అంతా దీని మీదే నిలబడి ఉంది. మెనూ స్క్రీన్ మనదే, వివరాల స్క్రీన్ కూడా మనదే. కాబట్టి డేటా మన యాప్ లోపలే ఇటు నుంచి అటు వెళ్తుందని అనుకుంటాం. అలా వెళ్లదు. స్టార్ట్ యాక్టివిటీ (యాక్టివిటీ అంటే ఒక స్క్రీన్) అనగానే ఆ ఇంటెంట్ మన ప్రాసెస్, అంటే మెమరీలో నడుస్తున్న మన యాప్, దాటి ఆండ్రాయిడ్ సిస్టమ్ ప్రాసెస్‌కి వెళ్తుంది. ఏ యాక్టివిటీ తెరవాలో అది చూసుకుని, తిరిగి మనకి అందిస్తుంది. ఈ రాకపోకలు జరిగే దారి పేరు బైండర్. అందుకే పెట్టే ప్రతి వస్తువునీ బైట్లుగా విప్పాలి, అవతల మళ్లీ కూర్చాలి. సీరియలైజబుల్, పార్సలబుల్ అనేవి ఈ విప్పి కూర్చే పద్ధతులే.

ఈ బైండర్‌కి ఒక హద్దు ఉంది. ఒక ప్రాసెస్‌కి దాదాపు 1 ఎంబీ బఫర్, అంటే డేటా తాత్కాలికంగా పెట్టుకునే చోటు. అది కూడా మీ ఒక్క ఇంటెంట్‌కి కేటాయించింది కాదు, ఆ క్షణంలో మీ ప్రాసెస్‌లో జరుగుతున్న బైండర్ లావాదేవీలన్నీ దాన్నే పంచుకుంటాయి. దాటితే ట్రాన్సాక్షన్ టూ లార్జ్ ఎక్సెప్షన్, యాప్ క్రాష్. ఇంటెంట్‌లో పంపేది కొన్ని కేబీలు దాటకుండా చూసుకోమని గూగుల్ డాక్యుమెంటేషన్ కూడా చెప్తుంది.

1 ఎంబీ అంటే చాలా ఉన్నట్టుంటుంది. తెలుగులో రాసేవాళ్లం కాబట్టి మనం ఇంకొంచెం జాగ్రత్తగా లెక్కేసుకోవాలి. గుత్తి అనే మాట చూడండి. కంటికి రెండే అక్షరాలు. కంప్యూటర్‌కి గ, దాని కొమ్ము, త, పొల్లు, మళ్లీ త, గుడి, మొత్తం ఆరు కోడ్లు. గుత్తి వంకాయ అని రాస్తే మధ్యలో ఖాళీతో కలిపి పన్నెండు. పార్సలబుల్‌లో మామూలుగా ఒక్కోదానికి రెండు బైట్లు, అంటే 24. సీరియలైజబుల్‌లో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు పడతాయి, ఖాళీకి ఒకటి, అంటే 34. అదే పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి సీరియలైజబుల్‌లో పంపితే అక్షరానికి ఒక్క బైటే. ఇప్పుడు ఒక్కో కూరకి ఐదువందల కోడ్ల తెలుగు వివరణ ఉందనుకోండి. సీరియలైజబుల్‌లో అది ఒక్కటే 1500 బైట్లు. కర్రీ పాయింట్ మెనూలో ఇరవై కూరలే కాబట్టి గట్టెక్కుతాం. అదే పద్ధతిని ఒక కిరాణా యాప్‌కి వాడి, ఏడెనిమిది వందల వస్తువుల లిస్టుని తర్వాతి స్క్రీన్‌కి పంపామంటే అయిపోయింది. టెస్టింగ్‌లో పది వస్తువులతో చూసుకున్నవాళ్లకి ఈ క్రాష్ కనబడదు, కస్టమర్‌కి కనబడుతుంది. ఫోటో సంగతి చెప్పనే అక్కర్లేదు. 12 మెగాపిక్సెల్ ఫోటోని మెమరీలోకి విప్పితే పిక్సెల్‌కి నాలుగు బైట్ల లెక్కన 48 ఎంబీ. దాన్ని బైట్ అర్రే చేసి ఇంటెంట్‌లో తోయాలని చూడొద్దు. ఫోటోని ఫైల్‌గా దాచి, దాని యూఆర్ఐ, అంటే చిరునామా, పంపండి.

సైజు చిన్నదే అనుకున్నా ఇంకో చిక్కు ఉంది, కాపీ. గుత్తి వంకాయ 40 రూపాయలు అని ఇంటెంట్‌లో పెట్టి పంపారు. ఈలోపు ఓనర్ ధర 45 చేశాడు. మెనూ స్క్రీన్ రిఫ్రెష్ అయి 45 చూపిస్తోంది, వివరాల స్క్రీన్ దగ్గర ఉన్నది పాత కాపీ, అది 40 అంటోంది. కస్టమర్ ఏది నమ్మాలి? కౌంటర్ దగ్గర గొడవపడేది ఆ కర్రీ పాయింట్ కుర్రాడు, కోడ్ రాసిన మనం కాదు. ధర ఒక్కచోటే ఉండాలి, డేటాబేస్‌లో. స్క్రీన్లన్నీ అక్కణ్ణించే చదవాలి. వివరాల స్క్రీన్‌కి కూర నంబర్ 17 అని మాత్రం చెప్పండి, 17 ధర ఎంతో అదే వెళ్లి చూసుకుంటుంది. ఫోన్‌లోని డేటాబేస్‌ని వాడుకోవడానికి ఉన్న రూమ్ లైబ్రరీలో ఫ్లో (మార్పుల్ని ఎప్పటికప్పుడు అందించేది) వాడితే ధర మారినప్పుడు తెరిచి ఉన్న స్క్రీన్ కూడా తనంతట తనే మారుతుంది.

సైజు సమస్య, కాపీ సమస్య తెలిసినవాళ్లు కొంతమంది ఒక అడ్డదారి పడతారు. ఒక సింగిల్టన్ పెడతారు, అంటే యాప్ మొత్తానికీ ఒక్కటే ఉండే ఆబ్జెక్ట్. కోట్లిన్‌లో ఆబ్జెక్ట్ అని రాసి, అందులో కార్ట్ పెట్టి, ఏ స్క్రీన్‌లో కావాలంటే ఆ స్క్రీన్‌లో చదువుకుంటారు. ఇంటెంట్ గొడవే ఉండదు. నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. ఎందుకో చూడండి.

రాత్రి ఎనిమిదిన్నర. హాస్టల్ అమ్మాయి ఒకరు మెట్రో దిగి నడుస్తూ ఆర్డర్ పెడుతోంది. ఫోన్‌లో ర్యామ్ తక్కువ. కార్ట్‌లో మూడు కూరలు, 120 రూపాయలు. పే అని నొక్కింది. యూపీఐ యాప్ తెరుచుకుంది. మన యాప్ వెనక్కి వెళ్లింది. యూపీఐ యాప్ బరువైనది, దానికి మెమరీ కావాలి. మధ్యలో ఇంట్లోవాళ్ల వీడియో కాల్ ఒకటి. ఆండ్రాయిడ్ చూసింది, వెనకాల ఊరికే కూర్చున్న మన ప్రాసెస్‌ని తీసేసింది. ఇది బగ్ కాదు, ఆండ్రాయిడ్ మొదటినుంచీ పనిచేసే తీరే ఇది. అమ్మాయి పిన్ కొట్టింది, 120 కట్ అయింది, మన యాప్‌కి తిరిగొచ్చింది. అప్పుడు ఆండ్రాయిడ్ కొత్త ప్రాసెస్ పుట్టించి, పైన ఉన్న కార్ట్ స్క్రీన్‌ని తిరిగి తయారుచేస్తుంది. ఆ స్క్రీన్‌ని తెరిచిన ఇంటెంట్‌ని సిస్టమ్ దాచి ఉంచింది, దాన్ని యథాతథంగా చేతికిస్తుంది. సేవ్ చేసిన స్టేట్, అంటే ఆ స్క్రీన్ దాచుకున్న అప్పటి స్థితి, ఉంటే అదీ ఇస్తుంది. మరి మన సింగిల్టన్? అది పాత ప్రాసెస్ మెమరీలో ఉండేది, దానితోపాటే పోయింది. కొత్తది ఖాళీగా పుట్టింది. స్క్రీన్ మీద మొత్తం 0 రూపాయలు, లేదంటే నల్ పాయింటర్ క్రాష్. డబ్బు పోయింది, ఆర్డర్ లేదు. నెలాఖరులో 120 రూపాయలంటే హాస్టల్‌లో ఉండేవాళ్లకి చిన్న మొత్తం కాదు. ఈ విషయాన్ని నేను ఇంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఇదే.

ఇందాక బైండర్ దారి చెప్పాను కదా. ఇంటెంట్ సిస్టమ్ దాకా వెళ్లొస్తుంది కాబట్టే 1 ఎంబీ హద్దు ఉంది. సిస్టమ్ దగ్గర ఉంటుంది కాబట్టే మన ప్రాసెస్ చచ్చిపోయినా ఇంటెంట్ బతికి వస్తుంది. కాబట్టి అందులో పెట్టేది చిన్నదై ఉండాలి, పైగా అది ఒక్కటి చేతికొస్తే మిగతా అంతా వెతికి తెచ్చుకోగలిగేదై ఉండాలి. ఐడీ తప్ప అలాంటిది ఇంకేముంది చెప్పండి.

స్క్రీన్ డేటాని పట్టుకుని ఉండే వ్యూమోడల్ ఉంది కదా అని మీరు అడగొచ్చు. వ్యూమోడల్ ఫోన్ అడ్డం తిప్పితే బతుకుతుంది, ప్రాసెస్ పోతే బతకదు. రెంటికీ తట్టుకునేది సేవ్డ్ స్టేట్ హ్యాండిల్. ఇంటెంట్‌లో పంపిన ఐడీ వ్యూమోడల్‌లోని ఆ హ్యాండిల్‌లోకి దానంతటదే వచ్చి కూర్చుంటుంది, అదే కీ పేరుతో అడిగితే చాలు. అందులోనూ చిన్న చిన్నవే పెట్టాలి.

మరి కార్ట్ ఎక్కడ? రూమ్‌లో. పే నొక్కిన వెంటనే, యూపీఐ యాప్ తెరవకముందే, సర్వర్‌లో ఒక ఆర్డర్ సృష్టించి, పేమెంట్ కోసం ఎదురుచూస్తోంది అని స్థితి రాసి, దాని ఐడీ తీసుకోండి. తిరిగొచ్చాక ఆ ఐడీతో సర్వర్‌నే అడగండి, డబ్బు చేరిందా అని. యూపీఐ యాప్ తిరిగి పంపిన సక్సెస్ అనే మాటని నమ్మి ఆర్డర్ ఖాయం చేయొద్దు. ఇంటెంట్‌లో ఏముందో దాన్ని ఎవరైనా రాయగలరు. మీ స్క్రీన్‌కి ఎక్స్‌పోర్టెడ్ ట్రూ (బయటి యాప్‌లు తెరవొచ్చు) అని ఉంటే ఫోన్‌లో ఉన్న ఏ యాప్ అయినా దాన్ని తనకి నచ్చిన ధరతో తెరవగలదు. ఆండ్రాయిడ్ 12 టార్గెట్ చేసినప్పటినుంచి ఇంటెంట్ ఫిల్టర్ (ఏయే ఇంటెంట్లకి స్పందిస్తుందో చెప్పేది) ఉన్న ప్రతి యాక్టివిటీకీ ఎక్స్‌పోర్టెడ్ అవునో కాదో మనమే రాసి తీరాలి, ఆ లైన్ రాసేటప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి.

ఐడీ పంపేటప్పుడు కూడా రెండు చోట్ల చెయ్యి జారుతుంది. ఇవతల కీ పేరు ఐటమ్ అండర్‌స్కోర్ ఐడీ అని రాసి, అవతల అండర్‌స్కోర్ లేకుండా రాస్తే కంపైలర్ నోరెత్తదు, యాప్ నడిచేటప్పుడు డీఫాల్ట్ విలువ, అంటే ఏమీ దొరక్కపోతే ఇవ్వమని రాసుకున్నది, వచ్చేస్తుంది. కాబట్టి కీని ఒక్కచోట కాన్‌స్టంట్‌గా రాసి రెండు వైపులా అదే వాడండి. రెండోది టైపు. ఐడీ లాంగ్‌గా (పెద్ద పూర్ణాంకంగా) పెట్టి, గెట్ ఇంట్ ఎక్స్‌ట్రాతో (మామూలు పూర్ణాంకంగా) అడిగితే 17 రాదు, డీఫాల్ట్ వస్తుంది. యాప్ సందేశాల చిట్టా అయిన లాగ్‌క్యాట్‌లో ఒక వార్నింగ్ పడుతుంది, యాప్ మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. డీఫాల్ట్ 0 పెట్టకుండా మైనస్ 1 పెట్టి, మైనస్ 1 వస్తే స్క్రీన్ మూసేయండి.

వెనక్కి డేటా తెచ్చుకోవడం గురించి క్లుప్తంగా. అడ్రస్ ఎంచుకునే స్క్రీన్ నుంచి అడ్రస్ ఐడీ కార్ట్‌కి రావాలి. స్టార్ట్ యాక్టివిటీ ఫర్ రిజల్ట్ పాత పద్ధతి, ఇప్పుడు రిజిస్టర్ ఫర్ యాక్టివిటీ రిజల్ట్ వాడాలి. దీన్ని బటన్ నొక్కినప్పుడు రాయకూడదు, యాక్టివిటీ తయారైన ప్రతిసారీ షరతు లేకుండా రిజిస్టర్ అవ్వాలి. ఎందుకో మీకే తెలిసిపోయుంటుంది: అడ్రస్ స్క్రీన్ తెరిచి ఉండగా మన ప్రాసెస్ పోతే, కొత్తగా పుట్టిన కార్ట్ స్క్రీన్‌లో ఆ జవాబు అందుకోవడానికి ఎవరో ఒకరు సిద్ధంగా ఉండాలి కదా.

కంపోజ్ (కోట్లిన్‌లోనే స్క్రీన్లు రాసే పద్ధతి) వాడేవాళ్లకి ఇంటెంట్ బదులు రూట్, అంటే ఏ స్క్రీన్‌కి వెళ్లాలో చెప్పేది, ఉంటుంది. 2024లో వచ్చిన నావిగేషన్ లైబ్రరీ 2.8 నుంచి రూట్‌ని స్ట్రింగ్‌గా కాకుండా సీరియలైజబుల్ (ఇందాకటిది కాదు, కోట్లిన్‌కి చెందినది) క్లాస్‌గా రాసుకోవచ్చు, కీ పేర్ల తప్పులు, టైపు తప్పులు అక్కడితో పోతాయి. అది వచ్చింది కదా అని మొత్తం కూర ఆబ్జెక్ట్‌ని రూట్‌లో కూర్చొద్దు, ఐడీయే పెట్టండి. యాప్‌లు రాసే మరో పద్ధతి ఫ్లట్టర్‌లో స్క్రీన్ కన్‌స్ట్రక్టర్‌కి ఆబ్జెక్ట్ ఇచ్చేస్తే బైండర్ అడ్డు రాదు, సైజు భయం లేదు. అయినా పాత కాపీ చిక్కు అక్కడా అంతే, ప్రాసెస్ పోయే చిక్కూ అంతే.

ఇప్పుడు టెస్టింగ్. ఇది ఈ రాత్రే చేయండి. డెవలపర్ ఆప్షన్స్‌లో డోంట్ కీప్ యాక్టివిటీస్ అని ఒకటుంది, దాన్ని ఆన్ చేసి అంతా బాగుందని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అది యాక్టివిటీని మాత్రమే తీసేస్తుంది, ప్రాసెస్ బతికే ఉంటుంది, సింగిల్టన్ కూడా బతికే ఉంటుంది. కాబట్టి అసలు సమస్య కనబడదు. రీసెంట్స్‌లో యాప్‌ని పైకి తోసేసినా లాభం లేదు, అప్పుడు సేవ్ చేసిన స్టేట్ కూడా పోయి యాప్ మొదటి స్క్రీన్ నుంచి మొదలవుతుంది.

సరైన పద్ధతి ఇది. కార్ట్‌లో రెండు కూరలు వేసి, కార్ట్ స్క్రీన్ మీద ఉండండి. హోమ్ బటన్ నొక్కండి. కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి ఏడీబీ షెల్ ఏఎం కిల్ అని, పక్కన మీ ప్యాకేజీ పేరు కొట్టండి, వెనకాల ఉన్న ప్రాసెస్‌ని తీసేసే కమాండ్ ఇది. ఇప్పుడు రీసెంట్స్ నుంచి యాప్‌లోకి రండి. కార్ట్ స్క్రీనే రావాలి, అందులో ఆ రెండు కూరలే ఉండాలి, మొత్తం సరిగ్గా ఉండాలి. తర్వాత వివరాల స్క్రీన్ మీద నిలబడి ఇదే చేయండి. తర్వాత అడ్రస్ ఎంచుకుంటుండగా. చివరగా యూపీఐ యాప్ తెరిచి ఉండగా ఇదే కమాండ్ కొట్టి, ఒక్క రూపాయి పేమెంట్ చేసి వెనక్కి రండి.