ఏడాదిలో ఏం పని చేశామో తవ్వి తీయడం: గిట్, గిట్‌హబ్, జిరా, క్యాలెండర్ రివ్యూ

నమస్తే అండీ. మార్చి వస్తే మన ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల సెల్ఫ్ అప్రైజల్ ఫారం తెరుచుకుంటుంది. "ఈ ఏడాది మీరేం చేశారు?" అనే గడిలో ఎక్కువమంది జనవరి, ఫిబ్రవరి పనులే రాస్తారు, ఎందుకంటే గుర్తుండేవి అవే. కిందటి జూన్‌లో రెండు వారాలు కూర్చుని పట్టుకున్న బగ్ ఆ గడిలోకి రాదు. దాన్ని తేవాలంటే రికార్డులు తియ్యాలి. ఆ రికార్డుల్లో దేన్ని ఎంతవరకు నమ్మొచ్చో ఈ వీడియోలో చూద్దాం.

ముందుగా గిట్‌హబ్ (టీమ్ కోడ్ దాచుకునే సైట్) ప్రొఫైల్‌లో, ఏ రోజు ఎంత పని చేశామో చూపే ఆకుపచ్చ గళ్లు. నన్నడిగితే అన్నిటికంటే బలహీనమైన సాక్ష్యం ఇదే. మీ కమిట్, అంటే మీరు సేవ్ చేసిన కోడ్ మార్పు, సాధారణంగా డిఫాల్ట్ బ్రాంచ్‌లోకి (ప్రాజెక్ట్ ప్రధాన శాఖలోకి) వెళ్తేనే లెక్కకు వస్తుంది. కమిట్‌లో ఉన్న ఈమెయిల్ మీ అకౌంట్‌కి జత అయి ఉండాలి. ఫోర్క్‌లో, అంటే ప్రాజెక్ట్‌కి మీరు తీసుకున్న వేరే కాపీలో, చేసిన కమిట్లు లెక్కలోకి రావు. ఖాళీ గళ్లు చూసి ఆ నెలంతా పని చేయలేదని బాధపడకండి, నిండిన గళ్లు చూసి సంబరపడకండి.

అసలు సరుకు గిట్ లాగ్‌లో ఉంది. గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్, లాగ్ ఆ చరిత్రను చూపే కమాండ్. స్క్రీన్ మీద కమాండ్ చూడండి: గిట్ లాగ్, డాష్ డాష్ ఆల్, డాష్ డాష్ నో మెర్జెస్, డాష్ డాష్ ఆథర్ అని మీ ఈమెయిల్, తర్వాత సిన్స్, అంటిల్ తేదీలు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. తేదీ ఒక్కటే ఇస్తే గిట్ దానికి మీరు కమాండ్ నడుపుతున్న టైమ్‌ని కలిపేస్తుంది. మధ్యాహ్నం 3 గంటలకు కూర్చుని సిన్స్ 2025-04-01 అని అడిగారనుకోండి, ఆ రోజు పొద్దున చేసిన కమిట్లు రావు. అందుకే మొదటి తేదీ పక్కన 00:00, చివరి తేదీ పక్కన 23:59 తప్పకుండా రాయండి.

రెండో చిక్కు రీబేస్, అంటే పాత కమిట్లను కొత్త కోడ్ మీదికి తిరిగి పేర్చడం. ప్రతి కమిట్‌కీ రెండు తేదీలుంటాయి: కోడ్ రాసిన తేదీ ఆథర్ డేట్, చరిత్రలోకి చేరిన తేదీ కమిటర్ డేట్. సిన్స్ చూసేది కమిటర్ డేట్‌నే. మార్చిలో రాసి ఏప్రిల్‌లో రీబేస్ చేసిన పని కొత్త ఏడాది ఖాతాలో పడిపోతుంది. దీనికి మందు ఏమిటంటే, అటూ ఇటూ ఒక నెల ఎక్కువ తీసుకుని, ప్రెట్టీ ఫార్మాట్‌లో పర్సెంట్ ఏ డీ పెట్టి ఆథర్ డేట్ ముద్రించుకుని, అక్కర్లేనివి చేత్తో తీసేయడం. పాత కమిట్ తగలగానే లాగ్ మధ్యలో ఆగిపోతోందని అనుమానం వస్తే, గిట్ 2.37 నుంచి ఉన్న సిన్స్ యాజ్ ఫిల్టర్ ఆప్షన్ వాడండి.

మూడోది ఈమెయిల్. కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చినప్పుడు కాన్ఫిగ్ మారి, మీ కమిట్లు రెండు ఈమెయిల్స్ కింద చీలిపోయి ఉండొచ్చు. గిట్ షార్ట్‌లాగ్‌కి డాష్ ఎస్, ఎన్, ఈ ఇస్తే ఎవరి పేరు, ఏ ఈమెయిల్ మీద ఎన్ని కమిట్లున్నాయో బయటపడుతుంది. ఆథర్ ఆప్షన్ ఒకే కమాండ్‌లో రెండుసార్లు ఇవ్వొచ్చు, రెండూ కలిసి వస్తాయి.

మీ టీమ్ గిట్‌హబ్‌లో స్క్వాష్ మెర్జ్ (చాలా కమిట్లను ఒక్కటిగా కుదించి కలపడం) వాడుతుంటే ఇంకో సంగతి. సహోద్యోగి తెరిచిన పుల్ రిక్వెస్ట్‌లో (తన మార్పుల్ని ప్రధాన కోడ్‌లో కలపమని పెట్టే అభ్యర్థనలో) మీరూ కోడ్ రాస్తే, స్క్వాష్ అయ్యాక మీ పేరు మెసేజ్ చివర కో-ఆథర్డ్-బై లైన్‌లో మాత్రమే మిగులుతుంది. ఆథర్‌తో వెతికితే దొరకదు, కమిట్ మెసేజ్‌లో వెతికే డాష్ డాష్ గ్రెప్‌తో వెతకాలి.

ఎన్ని లైన్లు రాశారో మాత్రం లెక్కపెట్టకండి. టూల్ తనంతట తానే రాసే ప్యాకేజ్ లాక్ ఫైల్ ఒక్కసారి మారితే వేల లైన్లు కదులుతాయి. ఆ అంకె అప్రైజల్‌లో పెడితే తెలిసిన మేనేజర్ ముందు పరువు పోతుంది.

సీనియర్ల పనిలో పెద్ద భాగం రివ్యూలు, అంటే ఇతరుల కోడ్ చూసి తప్పులు చెప్పడం. అది గిట్ లాగ్‌లో కనపడదు. గిట్‌హబ్ సెర్చ్‌లో రివ్యూడ్-బై కోలన్ ఎట్ మీ, పక్కనే మైనస్ ఆథర్ కోలన్ ఎట్ మీ అని కొట్టండి, క్రియేటెడ్‌కి తేదీల మధ్య రెండు చుక్కలు పెట్టండి. మీరు రివ్యూ చేసిన ఇతరుల పుల్ రిక్వెస్ట్‌లన్నీ ఒక్కచోటికొస్తాయి. ఈ ఒక్క సెర్చ్‌కి నేను గిట్ లాగ్‌తో సమానంగా మార్కులేస్తాను.

పనులను టికెట్లుగా రాసి పంచే జిరా వాడేవాళ్లు అసైనీ (టికెట్ ఎవరి పేరున ఉందో) ఈక్వల్స్ అని వెతికితే ఇప్పుడు మీ పేరున ఉన్నవే వస్తాయి. మీరు సగం పని చేసి టెస్టింగ్‌కి పంపిన టికెట్లు జారిపోతాయి. ఈక్వల్స్ బదులు వాజ్ అని రాసి, డ్యూరింగ్‌తో తేదీలు ఇవ్వండి.

ఇక పని నుంచి జీవితంలోకి వద్దాం. కమిట్లు ఏ గంటల్లో పడ్డాయో చూడాలంటే డేట్ ఆప్షన్‌కి ఫార్మాట్ లోకల్, పర్సెంట్ క్యాపిటల్ హెచ్ ఇచ్చి, ఫలితాన్ని సార్ట్, యూనీక్ డాష్ సి గుండా పంపండి. రాత్రి 11 తర్వాతి వరుసలు బరువుగా ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ అంకెలు పట్టుకుని మేనేజర్‌తో మాట్లాడండి.

క్యాలెండర్ దగ్గర జాగ్రత్త. గూగుల్ క్యాలెండర్ ఎక్స్‌పోర్ట్‌లో రోజూ జరిగే స్టాండప్ (టీమ్ చిన్న మీటింగ్) ఒక్క ఎంట్రీగానే ఉంటుంది, దాని కింద రిపీట్ నియమం ఉంటుంది. ఎంట్రీలు లెక్కపెడితే మీటింగుల భారం చాలా తక్కువగా కనిపిస్తుంది. ఒక నమూనా వారం తీసుకుని చేత్తో గంటలు కూడటమే మేలు. అమెరికా క్లయింట్ ఉన్నవాళ్లు రెండు వారాలు తీసుకోవాలి, ఒకటి ఎండాకాలంలో, ఒకటి డిసెంబరులో. న్యూయార్క్‌లో ఉదయం 11 గంటల మీటింగ్ మనకు ఎండాకాలం రాత్రి 8:30కి పడుతుంది. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం మారగానే అదే మీటింగ్ 9:30కి జరుగుతుంది, మార్చి రెండో ఆదివారం దాకా అంతే. పిల్లలు నిద్రపోయే వేళ అది. కుదిరితే చలికాలానికి మీటింగ్ ఓ గంట ముందే పెట్టమని అక్టోబరులోనే అడగండి.

ఇదంతా కంపెనీ ల్యాప్‌టాప్‌లోనే చేయండి. కోడ్ గానీ క్లయింట్ పేర్లు గానీ సొంత మెషీన్‌కి రాకూడదు. అలాగే సెలవుల పోర్టల్ తెరిచి, మిగిలిన సెలవులు ఏ తేదీకి రద్దవుతాయో చూడండి. కొన్ని కంపెనీల లెక్క జనవరితో, కొన్నిటిది ఏప్రిల్‌తో తిరుగుతుంది. కమాండ్లన్నీ డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి, తేదీలూ ఈమెయిలూ మార్చుకుని వాడుకోండి.