లోపల ఉన్నదాన్ని పారేయకండి

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దుగాల ఇంతమంది వచ్చిన్రు, చాలా సంతోషం. పాత రేడియోల అందం గురించి చెప్తనని మీరు అనుకుంటుండొచ్చు గానీ నాకు ఒక బాధ ఉంది, ముందు అది చెప్పేస్త. వాల్వ్ రేడియో, అంటే చిప్పుల బదులు గాజు బుడ్ల లాంటి వాల్వులతోటి నడిచే పాత రేడియో, కొంటున్న చాలామంది ఈ మధ్య లోపల చాసిస్, అంటే పార్టులన్నీ బిగించిన రేకు చట్రం, మొత్తం పీకి పాత ఇనుము కింద అమ్మేసి, ఆ చెక్క పెట్టెల బ్లూటూత్ బోర్డు బిగిస్తున్నరు. హాల్లో పెట్టుకుంటే మంచిగనే కనబడ్తది, కాదనను. కానీ అది రేడియో కాదు, రేడియో ఉండిన పెట్టె.

నా మొదటి సెట్ జుమ్మెరాత్ బజార్ల దొరికింది. డయల్ అద్దం మీద కొలంబో, ఢిల్లీ అని ఊర్ల పేర్లు చూడంగానే మా నాయినమ్మ ఇల్లు యాదికొచ్చి బేరం కూడా ఆడలే. ఇంటికి తెచ్చి, ఆగలేక, డైరెక్టుగా ప్లగ్గు పెట్టిన. ఒక నిమిషం అంతా బానే ఉండె, తర్వాత గుయ్యిమని సౌండు, కాలిన వాసన, ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. అన్నేండ్లు ఎక్కడెక్కడో తిరిగి బతికొచ్చిన సెట్టు నా తొందర వల్ల పాడైందని చాలా రోజులు నిద్ర పట్టలే.

అట్ల ఎందుకైతదంటే, ఏండ్ల తరబడి వాడకపోతే పవర్ సైడు ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు, అంటే కరెంటుని దాచిపెట్టి సమంగా ఇచ్చే పార్టులు, లోపల చెడిపోతయి, కరెంటు ఇయ్యంగానే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంటది. పాత కాగితం కండెన్సర్లు ఇంకో బాధ. స్పీకర్‌ని నడిపే ఔట్‌పుట్ వాల్వుల గ్రిడ్ అని కరెంటుని అదుపు చేసే తీగ ఉంటది, దాని ముందు ఇట్లాంటి కండెన్సర్ ఒకటి ఉంటది, అది లీకైతే గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజీ వచ్చి వాల్వు లోపల ప్లేటు ఎర్రగా కాలిపోతది. పోయేది కొన్ని రూపాయల కండెన్సర్, దానెంబడి పోయేది దొరకని వాల్వు. అందుకే ముందు అవి మార్చాలె, కోఠి గుజరాతీ గల్లీల అడిగితే దొరుకుతయి, తర్వాత మామూలు ఫిలమెంట్ బల్బు సిరీస్‌ల, అంటే కరెంటు ఆ బల్బుల నుంచే సెట్టుకి పోయేటట్టు, పెట్టి ఆన్ చెయ్యాలె. బల్బు ఒకసారి వెలిగి డిమ్ అయితే బానే ఉన్నట్టు, ఫుల్లుగా అట్లనే వెలుగుతుంటే వెంటనే తీసెయ్యండి, లోపల ఎక్కడో షార్ట్ ఉంది.

వాల్వు పేరు సదవడం కూడా నేర్చుకోండి, నాకు ఈ పనిల అన్నిటికంటే ఇష్టమైంది అదే. ఈసీఎల్ 82 అని రాసుందనుకోండి. ఈ అంటే వాల్వుని లోపల వేడి చేసే హీటర్‌కి 6.3 వోల్టులు, సీ అంటే ట్రయోడ్, ఎల్ అంటే ఔట్‌పుట్ పెంటోడ్, 8 అంటే తొమ్మిది పిన్నుల బేస్. అంటే ఒకే గాజు బుడ్డిల రెండు వాల్వులు, ఒకటి చిన్న సౌండుని పెంచుతది, రెండోది స్పీకర్‌ని నడిపిస్తది. మరి మొదటి అక్షరం యూ ఉంటే జాగ్రత్త! యూసీహెచ్ 81, యూసీఎల్ 82 లాంటివి ఉన్న సెట్లు ఎక్కువగా ఏసీ-డీసీవి, అంటే రెండు రకాల కరెంటు మీద నడిచేవి, వాటికి కరెంటుని వేరుచేసే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ మీదికే ఇంటి కరెంటు వస్తది. నాబ్ ఊడిపోయి స్క్రూ బయటికి కనబడుతున్న సెట్టుని అసలు ముట్టొద్దు.

ఇంక స్టేషన్ పట్టుకునే పద్ధతి. హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ కదా, ముల్లుని అక్కడికి తిప్పితే సెట్టు లోపల సొంత సిగ్నల్ పుట్టించే ఆసిలేటర్ 1193 దగ్గర పని చేస్తది, ఈ రెండు సిగ్నళ్ళు కలిస్తే వాటి తేడా, 455, కొత్త సిగ్నల్‌గా వస్తది. ముల్లు ఎక్కడ పెట్టినా ఆ తేడా 455 దగ్గర్నే ఉండేటట్టు గ్యాంగ్ కండెన్సర్, అంటే ముల్లుతోటి తిరిగే రేకుల కండెన్సర్, దాని రెండు భాగాలు కలిసి తిరుగుతయి, అందుకే మిగతా సర్క్యూటు ఒక్క 455 కోసమే మంచిగ ట్యూన్ చేసి పెట్టొచ్చు. అమెరికా ఇంజినీరు ఆర్మ్‌స్ట్రాంగ్ 1918ల కనిపెట్టిన సూపర్‌హెటరోడైన్ పద్ధతి ఇదే. కంప్యూటర్ లేదు, చిప్పు లేదు, అల్యూమినియం రేకులు తిరుగుతయి అంతే, చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తది. నిజాం కాలంల దక్కన్ రేడియో విన్నోళ్ళు, 1950ల అది ఆకాశవాణి చేతికి పోయినంక విన్నోళ్ళు, అందరూ విన్నది ఇట్లాంటి సెట్లల్లనే.

ఇప్పుడు వినడానికి ఏముంది అని అడుగుతరు. నిజమే, షార్ట్‌వేవ్ బాగా తగ్గిపోయింది, బీబీసీ హిందీ కూడా 2020 జనవరి 31న షార్ట్‌వేవ్‌ల ఆగిపోయింది. కానీ చాలా సెట్లకి వెనక గ్రామఫోన్ కోసం పికప్ సాకెట్ ఉంటది కదా, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టయితే ఫోన్ పాట దాంట్లకి ఇయ్యొచ్చు, అదే వాల్వులు, అదే స్పీకర్, ఒక్క వైరు కూడా కొయ్యాల్సిన పని లేదు. ఏసీ-డీసీ సెట్టుకి మాత్రం ఫోన్ అస్సలు తగిలించొద్దు.

మర్ఫీ, ఫిలిప్స్, బుష్ ఏది దొరికినా నాకు ఒకటే, ధర సంగతి తర్వాత. పాలిష్ కూడా పాతదే ఉంచండి, దుమ్ము తుడిస్తే చాలు.

టీ అయినంక ఇక్కడ నా ముందున్న ఈ సెట్టు వెనక అట్ట తీసి పెడ్త, అందరూ వచ్చి చూడండి, పిల్లల్ని కూడా తీసుకురండి. చేతులు మాత్రం లోపల పెట్టొద్దు, స్విచ్ తీసేసినంక కూడా కండెన్సర్లల్ల కొంచెం సేపు కరెంటు ఉంటది.