తగ్గే నాదాన్ని వినడం

శ్రోతలకు నమస్కారం. పక్కవాద్యాలేవీ లేకుండా ఒంటిగా మోగే పియానోను విశ్రాంతి కోసం వినడం గురించి ఈ పూట కొన్ని మాటలు చెబుతాను.

చెన్నైలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో సంగీతమంటే త్యాగరాజ కీర్తనలు, మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, జరిగే కచేరీలు, పిల్లలను చాప మీద కూర్చోబెట్టి చెప్పించే సరళీ స్వరాలు. నేనూ మాంబళంలో అటువంటి ఇంట్లోనే, వీణ వింటూ పెరిగినదాన్ని. అలా పెరిగిన చెవికి పియానో మొదట రుచించదు, ఎందుకంటే అందులో గమకం పలకదు. వీణ మీద తీగను పక్కకు లాగి ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారవచ్చు. పియానోలో వేలితో నొక్కే ఒక్కో మెట్టుకు ఒకటే స్వరం, పక్క మెట్టుకు వెళ్ళే దారిలో ఏమీ ఉండదు. హార్మోనియం మీద మన పెద్దలకున్న ఫిర్యాదూ ఇదే. ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించి, 1971 దాకా ఆ పట్టు సడలించలేదు.

అయినా పగలంతా పనిచేసి ఇల్లు చేరాక, రాత్రి ఒక అరగంట వినడానికి నేను ఎంచుకునేది పియానోనే. తెలిసిన సంగీతం మనిషిని ఊరికే కూర్చోనివ్వదు. కృతి మొదలైతే చేయి దానంతట అదే తొడ మీద తాళం వేస్తుంది, రాగం పేరు నాలుక చివర ఆడుతుంది, గాయకుడు సంగతి, అంటే ఒకే పంక్తిని పాడే తీరు, మార్చితే మన గురువుగారి పాఠాంతరం గుర్తుకు వస్తుంది, సాహిత్యంలో మాట విరిగితే ప్రాణం చివుక్కుమంటుంది. అదంతా గొప్ప ఆనందమే కాని విశ్రాంతి కాదు. పియానో ముందు నాకు పరీక్షించడానికి ఏమీ లేదు.

మా కింది వాటాలో, గోడకు ఆనించి పెట్టే రకం పియానో ఒకటి ఉంది. కార్తీక మాసపు వానలు మొదలయ్యాయంటే దానికి శ్రుతి నిలవదు. సముద్రపు గాలిలోని తేమకు లోపలి చెక్క ఉబ్బి తీగల బిగువు మారిపోతుంది. అందుకని ఆ ఇంటివారు పెట్టె అడుగున ఒక చిన్న బల్బు వెలిగించి ఉంచుతారు. శ్రుతి చేసే ఆయన వచ్చి ముందు పలక ఊడదీసిన రోజున నేను పక్కనే నిలబడి చూశాను. 88 మెట్లు, సుమారు 230 తీగలు. చాలా స్వరాలకు మూడేసి తీగలుంటాయి, మంద్రంలోకి దిగేకొద్దీ రెండు, ఆపైన ఒకటి. మెట్టు నొక్కితే ఒత్తుగా దట్టించిన ఉన్ని తొడిగిన చిన్న కొయ్య సుత్తి ఒకటి ఎగిరి, తీగను కొట్టి, మన వేలు ఇంకా మెట్టు మీద ఉండగానే వెనక్కి పడిపోతుంది. అక్కడితో వాయించేవారి అధికారం దాదాపు అయిపోయినట్టే. ఆ స్వరాన్ని పెంచడానికి వీలులేదు, కదిలించడానికి వీలులేదు. మెట్టు వదిలేస్తే ఉన్ని మెత్త తీగ మీద వాలి నోరు నొక్కేస్తుంది. పట్టుకుని ఉంటే నాదం మొదట గబగబా తగ్గి, తరువాత చాలా నెమ్మదిగా సన్నబడుతూ పోతుంది.

నాకు విశ్రాంతి దొరికేది ఆ సన్నబడే భాగంలోనే. స్వరం తగ్గుతున్నకొద్దీ చెవి దాని వెంట కొంచెం ముందుకు వంగుతుంది, ఊపిరి కూడా తెలియకుండానే నిదానిస్తుంది.

ఈ వాద్యం పుట్టిందే మెల్లదనం కోసం. అంతకు ముందున్న హార్ప్సికార్డ్ అనే మెట్ల వాద్యంలో తీగను మీటే ఏర్పాటు ఉండేది కాని, వేలు ఎంత సున్నితంగా వేసినా ధ్వని పెద్దగా మారేది కాదు. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో బార్తొలోమియో క్రిస్తోఫోరి అనే పనివాడు మీటడం మాని సుత్తితో కొట్టించాడు. మెల్లగా, గట్టిగా కూడా పలుకుతుందని దానికి పియానో, ఫోర్తే అనే రెండు మాటలతో పేరు వచ్చింది. వాడుకలో రెండో మాట రాలిపోయి, ‘మెల్లగా’ అన్న మాటే మిగలడం నాకు ముచ్చటగా ఉంటుంది.

కొత్తగా వినేవారు ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సాతీ 1888లో రాసిన, జిమ్నోపెదీలు అనే మూడు చిన్న పియానో రచనలతో మొదలుపెట్టవచ్చు. మూడక్షరాల నడకలో ఎడమచేయి కింద ఒక స్వరం వేసి, దాని మీద ఒక స్వరాల గుత్తిని ఉంచుతుంది. కుడిచేతి పాట వాటిపైన తొందర లేకుండా నడుస్తుంది. జర్మన్ స్వరకర్త షుమన్ 1838లో రాసిన ‘బాల్యదృశ్యాలు’ అనే రచనల మాలలో త్రాయ్‌మెరై అనే చిన్న రచన రెండు మూడు నిమిషాలలో ముగుస్తుంది. పోలండ్ స్వరకర్త షోపెన్ రాసిన 21 నాక్టర్న్‌ల (రాత్రి గీతాల) విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్త. పేరు రాత్రిదే అయినా, కొన్నింటి నడుమ తుపాను లేస్తుంది. నిద్రపట్టబోయే మనిషి ఉలిక్కిపడి లేస్తాడు.

గంటల తరబడి ఆగకుండా సాగే ‘ప్రశాంత పియానో’ ధారలు ఇప్పుడు ఫోనులో ఎన్నైనా దొరుకుతున్నాయి. వాటి మీద నాకు గౌరవం లేదు. వాటిలో ఏ స్వరాన్నీ పూర్తిగా తగ్గనివ్వరు, ఒకటి సన్నబడేలోగా మరొకటి వచ్చి మీద పడుతుంది. ఇంటి సామానులా సంగీతం కూడా పట్టించుకోకుండా పడి ఉండాలని సాతీయే ఒకసారి తలపెట్టి, 1920లో పారిస్‌లో ఒక నాటకపు విరామ సమయంలో అటువంటిది వాయింపించాడు. జనం మాటలు ఆపి శ్రద్ధగా వినసాగారు. మాట్లాడుకోండి, తిరగండి, వినకండి అని పాపం ఆయనే బతిమాలుకోవలసి వచ్చింది.

కాబట్టి ఒక్క రచన చాలు. దీపం తగ్గించి, ధ్వనిని పంకా చప్పుడు కంటే ఒక్క పిసరు పైన ఉంచండి. చివరి స్వరం పడ్డాక ఫోను వైపు చేయి చాచకండి. మా ఇంట్లో ఆ స్వరం పంకా చప్పుడులో కలిసిపోయేసరికి, మాంబళం స్టేషను నుంచి బయలుదేరిన లోకల్ రైలు కోడంబాక్కం దిక్కుగా వెళ్తున్న చప్పుడు వినబడుతూ ఉంటుంది.