డిగ్రీ చేతికొచ్చింది, మరి పని?

శ్రోతలకు నమస్కారం. గ్రంథాలయ శాస్త్రం చదివినవారిని ఇంటర్వ్యూలో "క్యాటలాగింగ్ అంటే ఏమిటి?" అని అడిగితే, పుస్తకాల వివరాలను పద్ధతిగా నమోదు చేయడమని దాదాపు అందరూ చెప్పేస్తారు. అదే ఒక పుస్తకం చేతికిచ్చి "దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించండి" అంటే చాలామంది తడబడతారు. ఈ తడబాటును ఇంట్లో కూర్చునే పోగొట్టుకోవచ్చు.

ముందుగా కోహా సంగతి. న్యూజిలాండ్‌లో పుట్టి 2000 నుంచి వాడుకలో ఉన్న ఈ గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు ఖర్చు లేదు. లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో పెట్టుకుని, దొరికిన 50 పుస్తకాలు ఒక్కొక్కటిగా ఎక్కించండి. పుస్తక వివరాలను కంప్యూటర్ చదవగలిగేలా రాసే మార్క్ 21 పద్ధతిలో ఒక్కో వివరానికి ఒక్కో సంఖ్య ఉంటుంది: 020 పుస్తకం గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌కు, 100 రచయితకు, 245 శీర్షికకు, 264 ప్రచురణ వివరాలకు, 300 పుటలకూ కొలతలకూ, 650 విషయానికి. కొన్ని పుస్తకాలు అయ్యేసరికి ఈ అంకెలు వాటంతటవే నోటికొస్తాయి.

పొరపాట్లు ఎక్కడ దొర్లుతాయంటే, 245లో రెండో సూచిక దగ్గర. అక్షరక్రమంలో పెట్టేటప్పుడు శీర్షిక మొదట్లో ఎన్ని అక్షరాలు వదిలేయాలో చెప్పే అంకె ఇది. ఇంగ్లిష్ శీర్షిక 'ది' (The)తో మొదలైతే అక్కడ 4 వేయాలి: మూడు అక్షరాలు, ఒక ఖాళీ. అక్కడ సున్నాయే ఉంచేస్తే అక్షరక్రమంలో ఆ పుస్తకం 'టి' (T) కిందకి పోయి కూర్చుంటుంది. ఇంకొకటి, గ్రంథాలయాల కంప్యూటర్లు ఒకదాన్నొకటి వెతికే జెడ్39.50 అనే పద్ధతి ద్వారా వేరే గ్రంథాలయం రికార్డును తెచ్చుకోవడం. ఎంతో సుఖమైన పని, అంతే ప్రమాదం కూడా. మూడో ముద్రణ పుస్తకానికి మొదటి ముద్రణ రికార్డు అంటుకుంటుంది. 250లోని ముద్రణ, 300లోని పుటల సంఖ్య చేతిలో ఉన్న పుస్తకంతో సరిపోయాకే సేవ్ చేయాలి.

అసలు పరీక్ష ఎక్సెల్‌లో ఉంది. ఇది చిన్నపని అనుకుంటారు గానీ, పాత రిజిస్టరును కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేటప్పుడు కొంపముంచేది ఇదే. 13 అంకెల ఐఎస్‌బీఎన్ కొడితే ఎక్సెల్ దాన్ని '9.78 ఈ ప్లస్ 12' అని చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన సాదా అక్షరాల ఫైలుగా సేవ్ చేస్తే వెనక ఉన్న అంకెలు పోయినట్టే. ఆ తర్వాత ఎంత ఫార్మాట్ మార్చినా తిరిగిరావు. గ్రంథాలయం ప్రతి పుస్తకానికీ వేసే యాక్సెషన్ నంబరు 00457 కాస్తా 457 అయి, పుస్తకం మీద ఉన్న బార్‌కోడుతో కలవదు. అందుకే అంకెలు కొట్టకముందే ఆ నిలువు వరసను 'టెక్స్ట్'గా మార్చుకోవాలి. సీఎస్‌వీ ఫైలును నేరుగా డబుల్ క్లిక్ చేయకుండా, ఇంపోర్ట్ చేసి, అన్ని భాషల లిపులనూ గుర్తించే యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. లేకపోతే తెలుగు శీర్షికలు పిచ్చిగీతల్లా కనిపిస్తాయి.

ఐఎస్‌బీఎన్ తప్పు పడిందో లేదో కాగితం మీదే తేల్చవచ్చు. మొదటి 12 అంకెలను వరుసగా 1, 3, 1, 3 చొప్పున గుణించి కూడండి. ఆ మొత్తానికి ఎంత కలిపితే తర్వాతి పది గుణిజానికి చేరుతుందో అదే పదమూడో అంకె. మొత్తం చివర సున్నాయే వస్తే ఆ అంకె కూడా సున్నా. ఒకే రచయిత పేరు నాలుగు రకాలుగా పడి ఉంటే, జాబితాలను శుభ్రపరిచే ఓపెన్‌రిఫైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో 'క్లస్టర్' నొక్కితే దగ్గరి పేర్లు ఒకచోటికి వస్తాయి. కలపాలా వద్దా అన్నది మాత్రం మీరే చూసుకోవాలి, ఇద్దరు వేరే మనుషులైనా కావచ్చు కదా!

పరిశోధన సంస్థల్లో చేరాలనుకునేవారు సంస్థ పరిశోధన పత్రాలను భద్రపరిచే డీస్పేస్, పత్రాల వివరాలు రాసే డబ్లిన్ కోర్‌లోని 15 అంశాలు, వ్యాసాలకు ఇచ్చే శాశ్వత గుర్తింపు డీఓఐ, పరిశోధకులకు ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ గుర్తింపు, ఉటంకింపులను సర్దిపెట్టే జోటెరో నేర్చుకోవాలి. ఇవన్నీ ఉచితంగా సాధన చేయగలిగినవే.

కంప్యూటర్‌తో తేలని పని ఒకటుంది. పాఠకుడు వచ్చి "జ్వరం మీద పుస్తకాలున్నాయా?" అంటాడు. పుస్తకాల అల్మారా వైపు వేలు చూపించడం తేలిక. "జ్వరం గురించి ప్రత్యేకంగా ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు?" అని అడిగితే, పసిపిల్లలకు మందు ఎంత వేయాలన్నది అతని సందేహమని తెలుస్తుంది. "ఎందుకు?" అని మాత్రం అడగకండి. అది విచారణలా వినిపిస్తుంది, పైగా అది అతని సొంత విషయం.

ఇక దరఖాస్తులో "కోహా తెలుసు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "50 పుస్తకాలకు మార్క్ 21 రికార్డులు తయారుచేశాను, వాటిలో ఇన్ని తప్పులు పట్టి సరిచేశాను" అని రాయండి. ఆ రికార్డులను మార్క్ ఫైలుగా ఎగుమతి చేసి పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకెళ్లండి. తప్పులు సరిచేయకముందు ఆ పుస్తకాల జాబితాతో తీసిన ఎక్సెల్ ఫైలు కూడా పక్కనే ఉంచుకోండి. ఇంటర్వ్యూలో దాని మీద ప్రశ్నలు రావచ్చు.