లెన్స్ చవకైంది, దారి ఖర్చు తగ్గలేదు

సమాఖ్య అక్కచెల్లెళ్లందరికీ నమస్కారం.

శుక్లం వల్ల పోయిన చూపు దాదాపుగా తిరిగి తెప్పించగలిగే చూపే. కంటికి మాత్రమే మత్తు ఇచ్చి, మసకబారిన లెన్స్ తీసేసి, కొత్తది పెడతారు. చాలామందికి అరగంట కూడా పట్టదు. అయినా పేద దేశాల్లో ఎక్కువమందిని గుడ్డివాళ్లను చేస్తున్నది ఈ శుక్లమే. నాకు దీని మీద బాధే కాదు, కోపం కూడా ఉంది.

ఒకప్పుడు అడ్డం డబ్బే. కంట్లో పెట్టే లెన్స్ విదేశాల నుంచి రావాలి, ఒక్కోటి వంద డాలర్ల దాకా ఉండేది. అందుకే క్యాంపుల్లో పేదలకు శుక్లం తీసేసి, సీసా అడుగులాంటి మందపాటి అద్దాలిచ్చి పంపేవారు. ఆ అద్దాలు పగిలితే మళ్లీ చీకటే.

మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి సర్కారు కొలువు నుంచి రిటైరయ్యాక, 1976లో 11 పడకలతో అరవింద్ ఆసుపత్రి మొదలుపెట్టారు. కీళ్లవాతంతో వంకరపోయిన వేళ్లతోనే ఆపరేషన్లు చేసిన మనిషి ఆయన. 1992లో వాళ్లే ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు తయారుచేస్తే, ధర పది డాలర్ల దగ్గరికి దిగింది. అక్కడ ఒక డాక్టర్‌కి రెండు బల్లలు. ఒకరికి ఆపరేషన్ జరుగుతుండగానే పక్క బల్ల మీద ఇంకొకరిని సిద్ధం చేస్తారు. ఆ సిద్ధం చేసేది ఎవరనుకున్నారు? పల్లెల నుంచి వచ్చి శిక్షణ పొందిన ఆడపిల్లలు. ఇవ్వగలిగినవాళ్లు ఫీజు కడతారు, ఆ ఆదాయంతోనే లేనివాళ్లకూ వైద్యం నడుస్తుంది.

నేపాల్‌లో డాక్టర్ సందుక్ రూయిత్ చిన్న కోతతో, కుట్లు లేకుండా చేసే పద్ధతిని మెరుగుపరిచి, కొండ ఊళ్లకు తీసుకెళ్లారు. ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. మెషీన్‌తో చేసినదానితో పోల్చి చూస్తే, చూపు ఇంచుమించు సమానంగానే వచ్చింది.

మరి మన ముసలమ్మలు ఎందుకు రావడం లేదు? ఆపరేషన్ ఉచితమే కావచ్చు. కానీ బస్సు చార్జీ ఉంది, తోడు వచ్చే కొడుకు కూలి పోతుంది, తర్వాత కొన్ని వారాలు చుక్కలు వేసే మనిషి కావాలి. మగవాళ్లకైతే ఇంట్లో ఎలాగో సర్దుతారు. ఆడవాళ్లయితే "ఈ వయసులో నాకెందుకులే" అని వాళ్లే అనేస్తారు. పిల్లలకు భారం కాకూడదని అలా అంటారు, అంతే. ఆ మాటను నిజమని నమ్మకండి. "బాగా ముదిరాక చేయించుకుందాం" అనేది కూడా పాత మాట. ఇప్పుడు పనులకు ఇబ్బంది మొదలైతే చాలు. మరీ ముదిరితేనే ఆపరేషన్ కష్టం.

హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పల్లెల్లో విజన్ సెంటర్లు పెట్టింది ఇందుకే. పరీక్ష ఊరి దగ్గరికి వస్తే సగం టెన్షన్ పోతుంది. మిగతా సగం మన చేతుల్లో ఉంది. ఈ వారం ప్రతి సంఘం తమ వీధిలో చూపు మందగించిన పెద్దవాళ్ల పేర్లు రాయండి. ఒంటరిగా ఉండే ఆడవాళ్లవి ముందు రాయండి. ప్రతి పేరు పక్కన తోడు వెళ్లేది ఎవరో, చుక్కలు వేసేది ఎవరో కూడా రాసి తీసుకురండి.