విప్పి మళ్లీ బిగించుకునే పెద్ద ప్లైవుడ్ అక్వేరియం

[స్క్రీన్ మీద: గోడకు ఆనించిన ప్లైవుడ్ పలకలు, పక్కనే చుట్టి పెట్టిన నల్ల రబ్బరు షీటు]

వెయ్యి లీటర్ల గాజు అక్వేరియం ఒకసారి అతికించాక ఇల్లు మారాల్సి వస్తే చాలామంది దాన్ని వదిలేసి వెళ్తారు, ఎందుకంటే అది అంత సులువుగా గుమ్మం దాటదు. అదే బోల్టులతో బిగించిన ప్లైవుడ్ తొట్టి అయితే పలకలుగా విడదీసి ఇద్దరు మనుషులు మోసుకెళ్లొచ్చు. ఎలా కట్టాలో చూద్దాం.

ముందు లెక్క. పొడవు 240 సెంటీమీటర్లు, వెడల్పు 75, నీటి ఎత్తు 60 అనుకోండి. 1,080 లీటర్లు, అంటే నీళ్ల బరువే 1,080 కిలోలు. ముందు గోడ మీద నీరు తోసే బలం సుమారు 430 కిలోల బరువుతో సమానం. వెడల్పు రెట్టింపు చేసినా ఈ 430 మారదు, ఒత్తిడి లోతును బట్టే ఉంటుంది కాబట్టి. ఎత్తు రెట్టింపు చేస్తే మాత్రం నాలుగింతలవుతుంది. అందుకే పెద్ద తొట్టి కావాలంటే పొడవు, వెడల్పు పెంచండి, ఎత్తు జోలికి వెళ్లకండి.

[పలకల అంచులు దగ్గరగా]

పలకలకు 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ (తేమను తట్టుకునే రకం) వాడండి. అంచుల వెంబడి బయటివైపు గట్టి చెక్క పట్టీలు జిగురు, స్క్రూలతో బిగించి, పట్టీకి పట్టీ బోల్టులతో కలపాలి. బోల్టు కింద పెద్ద వాషర్ తప్పనిసరి, లేకపోతే తల చెక్కలోకి దిగిపోయి బిగువు పోతుంది. పై అంచుకు మధ్యలో ఒక అడ్డపట్టీ ఉండాలి, అది లేకపోతే పొడవు గోడలు బయటికి ఉబ్బుతాయి.

ఇక అసలు విషయం, నీరు కారకుండా ఆపడం. మూలల్లో సిలికాన్ పూస్తే విప్పినప్పుడల్లా చిరుగుతుంది. కాబట్టి పెట్టె మొత్తానికి లోపల ఒకే ముక్క ఈపీడీఎం రబ్బరు లైనర్ పరచండి, చేపల చెరువుల కోసం అమ్మేదే తీసుకోండి. కింద మందపాటి ఫెల్ట్ గుడ్డ వేయండి, ఒక్క స్క్రూ తల పైకి లేచి ఉన్నా లైనర్‌కు చిల్లు పడుతుంది. మూలల్లో కోయకండి, కవరు మడిచినట్టు మడవండి, ఆ మడత ముందు గోడ వైపు కాకుండా పక్క గోడ మీదికి వెళ్లాలి.

[అద్దం కింది మూల, చాలా దగ్గరగా]

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. ముందు పలకలో కిటికీ కోసేటప్పుడు కిందా, రెండు పక్కలా 8 సెంటీమీటర్ల అంచు మిగల్చండి. అద్దం లోపలి నుంచి ఆ అంచుకు ఆనుతుంది, మధ్యలో లైనర్ ఉంటుంది (కిటికీ ఖాళీ మేర మాత్రం లైనర్‌ను కోసేయాలి). అద్దం బయట ఉంటే నీరు దాన్ని ఊడగొట్టాలని చూస్తుంది, లోపల ఉంటే అదే నీరు దాన్ని అంచుకేసి నొక్కి పెడుతుంది. అద్దం మీద చుట్టూ సిలికాన్ చార వేసి, పూర్తిగా ఆరాకే అమర్చండి. సిలికాన్ గాజును గట్టిగా పట్టుకుంటుంది, ఈపీడీఎంకు సరిగా అంటుకోదు. మామూలుగా అయితే అది లోపమే గానీ మనకు కావాల్సింది సరిగ్గా అదే, ఆ చార రబ్బరు వాషర్‌లా పనిచేస్తుంది, విప్పినప్పుడు సులువుగా విడిపోతుంది. పైభాగంలో నీటి ఒత్తిడి తక్కువ కాబట్టి అద్దాన్ని నీటిమట్టం కంటే పైకి ఉంచి, అక్కడ ఒక చెక్కతో అంచుకు నొక్కి బిగించండి. అద్దం మందం మాత్రం ఊహించి కొనొద్దు, నీటి ఎత్తు, అద్దం పొడవు ఇచ్చి లెక్క కట్టించండి. అక్వేరియంలకు మామూలుగా తీసుకునే సేఫ్టీ ఫ్యాక్టర్ 3.8, అంటే అద్దం తన మీద పడే ఒత్తిడికి 3.8 రెట్లు తట్టుకునేలా లెక్క కడతారు.

పైపుల కోసం లైనర్‌కు రంధ్రం పెట్టాలనిపిస్తుంది, వద్దు, పైనుంచే దింపండి.

చేపలు వేసే ముందు నీటిని కొంచెం కొంచెంగా నింపుతూ పోండి. ప్రతిసారీ గోడ ఉబ్బిందేమో తిన్నటి కర్ర ఆనించి చూసుకుని, బోల్టులు మళ్లీ బిగించి, నిండాక వారం రోజులు అలాగే వదిలేయండి. టెన్షన్ పడాల్సిందేమైనా ఉంటే ఈ వారంలోనే బయటపడుతుంది.

విప్పేటప్పుడు ప్రతి పలకకూ నంబరు రాసుకోండి, ఫిల్టర్‌లోని మీడియాను (బ్యాక్టీరియా పెరిగే స్పాంజి లాంటివి) తొట్టి నీటిలోనే తడిగా ఉంచండి, ఆరితే అందులోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మళ్లీ బిగించే ముందు అద్దం మీద చారను వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా చీలిక తగిలితే బ్లేడుతో మొత్తం గీకేసి కొత్తది వేయాలి, పాతదాని మీద కొత్త సిలికాన్ సరిగా పట్టదు.